గీత గీసింది ఎవరు? ఇల్లు పోయింది ఎవరిది?

రోడ్లంటే నాకు వ్యతిరేకత లేదు. మా ఊరికి తారురోడ్డు పడ్డాకే బస్సు వచ్చింది. ఆ బస్సే లేకపోతే మా ఇంటికి మొదటి డిగ్రీ వచ్చేదే కాదు. కాబట్టి నేను రాసేది అభివృద్ధి వద్దని కాదు. పీజీలో నగరాల చరిత్ర చదువుతుంటే అమెరికా ఫ్రీవేల కథ దగ్గర మనసు ఆగిపోయింది. ముఖ్యంగా సివిల్ ఇంజనీరింగ్ వైపు వెళ్ళాలనుకునే హాస్టల్ తమ్ముళ్ళు ఈ కథ తెలుసుకోవాలి.

ఫ్రీవే అంటే సిగ్నళ్ళు, కూడళ్ళు లేకుండా కార్లు ఆగకుండా దూసుకుపోయే రోడ్డు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ కంపెనీ ఇలాంటి రోడ్లతో రేపటి నగరం నమూనా కట్టి చూపించింది. (కార్లు అమ్ముకునేవాడి కలలో రోడ్లు కాక ఇంకేముంటాయి!) మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో అరోయో సెకో పార్క్‌వే తెరిచారు. 1956లో ఐసెన్‌హోవర్ కాలంలో వచ్చిన చట్టం 41,000 మైళ్ళ రహదారులకు అనుమతినిచ్చింది. ఖర్చులో 90 శాతం కేంద్రానిదే. పది డాలర్ల పనికి ఒక్క డాలరు పెడితే చాలంటే ఎవరు వద్దంటారు?

నగరం మధ్య నుంచి రోడ్డు పోవాలంటే ఇళ్ళు కూల్చాలి. ఎవరి ఇళ్ళు? 1930లలోనే ప్రభుత్వ గృహరుణ సంస్థ ఒకటి నగరాల మ్యాపులు వేయించి, నల్లజాతివారు ఉండే పేటలకు ఎర్ర రంగు పూయించింది. అక్కడ అప్పిస్తే తిరిగిరాదని దాని అర్థం. అప్పు పుట్టని పేటలో ఇళ్ళు పాతబడక ఏమవుతాయి? తర్వాత అధికారులే వచ్చి ఇది మురికివాడ, ఇక్కడ భూమి చవక అన్నారు. ఊరి చివర వాడలో పుట్టిన మనకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో రోండో అనే పేట ఉండేది. నల్లజాతివారి చర్చీలు, దుకాణాలు, క్లబ్బులు, రైళ్ళలో పనిచేసి పైసా పైసా కూడబెట్టి కొనుక్కున్న ఇళ్ళు అక్కడే. ఐ-94 రహదారికి సరిగ్గా దాని మీదుగా గీత గీశారు. నగర ప్రణాళికా ఇంజనీరు జార్జ్ హెరాల్డ్ ఉత్తరాన రైలుపట్టాల పక్కనుంచి వేరే దారి చూపించాడు. ఎవరూ వినలేదు. 1955లో పేటవాళ్ళు పాస్టర్ ఫ్లాయిడ్ మాసీ, తిమోతీ హోవర్డ్‌ల ఆధ్వర్యంలో సంఘం పెట్టుకున్నారు. రోడ్డును ఆపలేకపోయారు. తలల మీదుగా కాకుండా నేలను తవ్వి పల్లంలో వేయించగలిగారు, అంతే. 600కు పైగా కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. పరిహారం చేతికొచ్చినా వేరే పేటల్లో నల్లవారికి ఇల్లు అమ్మేవారు దొరకడం కష్టం. అద్దెకున్నవాళ్ళ సంగతి సరేసరి. ఇలా లేచిపోయేవాళ్ళకు పునరావాస సాయం తప్పనిసరి చేస్తూ దేశమంతటికీ ఒకే చట్టం రావడానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది.

"భూమి చవగ్గా ఉన్నచోట రోడ్డు వేయడం ఇంజనీరింగ్. దానికి జాతి రంగు పులుముతావేం?" అని నా మిత్రుడొకడు వాదించాడు. అయితే శాన్ ఫ్రాన్సిస్కో సంగతి చూడాలి. అక్కడా ఇదే ఇంజనీరింగ్, ఇవే డబ్బులు. పలుకుబడి ఉన్న పేటలవాళ్ళు సంతకాలు సేకరించి, సభలకు వెళ్ళి నిలదీశారు. 1959లో నగర పాలకమండలి పది ఫ్రీవేల్లో ఏడింటిని రద్దు చేసింది. సముద్రపు ఒడ్డున కట్టిన ఎంబార్కడెరో ఫ్రీవే కూడా 1989 భూకంపంలో దెబ్బతింటే, బాగుచేయకుండా 1991లో కూల్చేశారు. నగరమేమీ ఆగిపోలేదు. అంటే గీతను జరపడం సాధ్యమే. ఎవరు అడిగితే జరుపుతారన్నదే ప్రశ్న.

అందుకే నేననేది, గీత గీసే గదిలో ఆ పేట మనిషి కూర్చోవాలి. పరిహారం లెక్కలో గోడలూ కప్పూ మాత్రమే కాదు, అరువిచ్చే కొట్టు, నడిచివెళ్ళే పని, పిల్లల్ని చూసే పక్కింటి అవ్వ కూడా ఉండాలి. ఆ గదిలోకి వెళ్ళగలిగే చదువు ఇప్పుడు మన హాస్టల్ గదుల్లోనూ చదువుతున్నారు.

రోండోవాళ్ళు 1983 నుంచి తమ పేట పేరుతో ఉత్సవం జరుపుతున్నారు. 2015లో నగర మేయరు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఐ-94 మీద కొంతమేర కప్పు వేసి, దాని మీద మట్టి పోసి, తెగిపోయిన పేటను మళ్ళీ కలపాలని ఆ పేట వారసులు అడుగుతున్నారు.