అలిగి వెళ్లినవాళ్లు, అద్దెకున్నవాళ్లు

రెడ్డిట్ అనే చర్చా సైట్ వదిలి, అలాంటిదే అయిన లెమ్మీకి మారినవాళ్ల ప్రస్తావన వస్తే చాలు, మన సాఫ్ట్‌వేర్ మేధావులు పెదవి విరుస్తారు. 'నాలుగు రోజులు అలిగి వాళ్లే తిరిగొస్తారు' అన్న వెక్కిరింపు ఈ వారం కూడా వినబడింది. వెక్కిరించే ముందు అలక ఎందుకొచ్చిందో గుర్తు చేసుకుంటే మర్యాదగా ఉంటుంది.

బయటి యాప్‌లు తన సమాచారం వాడుకుంటే డబ్బు కట్టాలని 2023 ఏప్రిల్‌లో రెడ్డిట్ ప్రకటించింది. రెడ్డిట్ చదువుకోవడానికి వాడే అపోలో యాప్ తయారుచేసిన క్రిస్టియన్ సెలిగ్ లెక్క వేస్తే ఆ బిల్లు ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్లని తేలింది. జూన్ 30న అపోలో మూతబడింది. అంతకు ముందే, జూన్ 12న, రెడ్డిట్‌లోని చర్చా బృందాలు, అంటే సబ్‌రెడ్డిట్‌లు, వేలాదిగా తలుపులు మూసి నిరసన తెలిపాయి. మూసింది మోడరేటర్లు. బూతులు తుడిచేదీ, తగవులు తీర్చేదీ వాళ్లే. పైసా జీతం లేదు. అలాంటివాళ్లను కంపెనీ అధిపతి స్టీవ్ హఫ్‌మన్ ఒక ఇంటర్వ్యూలో జమీందార్లతో పోల్చాడు. భూమి కంపెనీది, పంట కంపెనీది, కూలి లేకుండా కలుపు తీసేవాడేమో జమీందారు!

పంట ఎంత పండిందో తర్వాత తెలిసింది. రెడ్డిట్‌లో జనం రాసుకున్న సంభాషణలను ఏఐ శిక్షణకు వాడుకోవడానికి గూగుల్ ఏటా 6 కోట్ల డాలర్లు ఇస్తోందని 2024 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. మరుసటి నెలే రెడ్డిట్ షేరు 34 డాలర్ల ధరతో మార్కెట్లోకి వచ్చింది. మోడరేటర్లకూ కొందరు పాత వాడుకరులకూ ఆ షేర్లలో కొంత కేటాయించారు. ఊరికే కాదు, కొనుక్కోవడానికి.

లెమ్మీకి ఒక యజమానంటూ లేడు. 2019లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు; ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు మరో సర్వర్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడుకోవచ్చు. స్టార్ ట్రెక్ అభిమానులు అలాగే సొంత సర్వర్ పెట్టుకుని వెళ్లిపోయారు. చిక్కులు లేవని కాదు. జనం ఒక్కసారిగా వచ్చిపడేసరికి బీహా అనే సర్వర్ నిర్వాహకులు అదుపు చేయలేక, పెద్ద సర్వర్ లెమ్మీ డాట్ వరల్డ్‌తో రాకపోకలు తెంచేసుకున్నారు. 'చూశారా' అన్నారు నవ్వేవాళ్లు. తన గుమ్మంలోకి ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకోగలగడం కోసమే కదా వాళ్లు వచ్చింది!

2023 చివరికి రెడ్డిట్‌కు రోజూ వచ్చేవాళ్లు 7.3 కోట్ల మంది. లెమ్మీలో నెల మొత్తం కలిపినా లక్ష లేరు. నిజమే. కానీ 2010 ఆగస్టులో డిగ్ అనే మరో పేరున్న సైట్ తన రూపు మార్చి జనానికి ఒళ్లు మండించినప్పుడు, వాళ్లు వెళ్లి చేరిన చిన్న చోటు పేరు రెడ్డిట్. రెండేళ్లకు డిగ్ 5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిందని వార్త. ఈ లెక్క మాత్రం నవ్వేవాళ్లెవరూ ఎత్తరు.

అసలు నవ్వే అర్హత తెలుగువాళ్లకుందా? మనం ఎక్కడినుంచీ అలిగి వెళ్లలేదు; ఖాళీ చేయించేదాకా కూర్చున్నాం. తొంభైల్లో అమెరికా తెలుగువాళ్లు యూజ్‌నెట్ చర్చా బృందాల్లో రోమన్ లిపితో తెలుగు రాసుకున్నారు. రచ్చబండ యాహూ గ్రూపులో ఛందస్సు మీద వాదించుకున్నారు. సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ 2014లో పోయింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబర్ 15న పూర్తిగా మూతబడ్డాయి. ఎవరో ఓపికగా దాచుకున్నవి మిగిలాయి, తక్కినవి పోయాయి.

అయినా బుద్ధి రాలేదు. ఇప్పుడు తెలుగు సాహిత్యమంతా ఫేస్‌బుక్‌లో కాపురం పెట్టింది. ఒక పెద్దాయన అర్ధరాత్రి కూర్చుని తన ఊరి చెరువు గురించి, పాత నాటక సమాజం గురించి వెయ్యి పదాలు రాస్తాడు. కింద ముప్పై 'అద్భుతం సార్'లు, పది దండాల బొమ్మలు. రెండు నెలలయ్యాక ఆ పోస్టు కావాలంటే ఆయనకే దొరకదు, వేలు నొప్పెట్టేలా కిందికి జరుపుకుంటూ పోవాలి. పత్రికకో వెబ్ పత్రికకో పంపవచ్చు కదా అంటే 'అక్కడ లైకులు రావండీ' అని జవాబు.

లెమ్మీకే వెళ్లమని ఎవరూ అనడం లేదు. రాసిందంతా డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లోనే ఉంది. ముందు ఆ పని చేయండి. అందులో పది కాలాలు నిలవదగ్గవి ఏరి, మీ పేరుతో, తేదీతో, వెతికితే దొరికే మరో చోట కూడా పెట్టండి. నవ్వడానికి తర్వాత బోలెడు తీరిక ఉంటుంది.