ముందుగా చేరితే పెట్రోలు మిగులుతుందా?

"వేగంగా పోతే ఇంజను తక్కువసేపు తిరుగుతుంది, పెట్రోలు మిగులుతుంది కదండీ" అని మా తరగతిలో ఏటా ఎవరో ఒకరు వాదిస్తారు. మీరూ అలాగే అనుకుంటున్నారా?

2005లో వచ్చిన బుగాట్టి వేరాన్ స్పోర్ట్స్ కారును చూడండి. గంటకు 400 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నడిపితే దాని 100 లీటర్ల ట్యాంకు సుమారు 12 నిమిషాల్లో ఖాళీ! లీటరుకు కిలోమీటరైనా రాదన్నమాట. వేగం రెట్టింపయితే గాలి నిరోధం 4 రెట్లవుతుంది. ఇంజను సగంసేపే తిరిగినా, గాలిని తోయడానికే 8 రెట్ల సామర్థ్యం కావాలి.

ట్యూనింగ్ సంగతంటారా? గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. బలం కోసం పెట్రోలు పాలు పెంచితే కొంత సరిగా మండకుండానే పొగగొట్టం దారి పడుతుంది. దాన్ని సరిచేయించడం మంచిదే. కాని నన్నడిగితే ముందు సరిచేయవలసింది డ్రైవరు కాలిని. 1974లో పెట్రోలు కరువుకు అమెరికా చేసిన చట్టమూ అదే: గంటకు 55 మైళ్ళు మించరాదని.