రాష్ట్రం మనది, ఇంటి తాళం ఎవరిది?

మూడు వేల ఐదు వందల రూపాయలు. ఈ అంకెను యాది పెట్టుకోండి. హైదరాబాద్‌లో కిరాయి ఇంట్లో బతికే మనిషికి కిరాయి చట్టం అండ ఉన్నదా లేదా అన్నది ఈ అంకె దగ్గరే తేలిపోతుంది. నెల కిరాయి 3,500 దాటిందా, కిరాయి నియంత్రణ చట్టం మీ గడప తొక్కదు. ఇయ్యాళ ఈ పట్నంలో 3,500కు పెండ్లాం పిల్లలతో ఉండేటి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? బోరబండలోనా, ఉప్పల్‌లోనా, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లోనా? దొరికితే చెప్పండి, మేమే ముందుగాల వచ్చి అడ్వాన్సు కడతాం.

అంటే చట్టం ఉన్నది. అది కాపాడాల్సిన మనిషి మాత్రం దాని బయట నిలబడ్డాడు. ఈ తలుపు ఎవరు మూసిండ్రు, ఎప్పుడు మూసిండ్రు, తెరవాల్సినోళ్లు ఎందుకు తెరవలేదు? అడగాల్సింది ఇదే.

తెలంగాణ ఉద్యమం ఎక్కడ పుట్టిందంటే అందరూ యూనివర్సిటీ పేరు చెప్తారు. ఒప్పుకుంటాం. కానీ ఉద్యమం ప్రతి రాత్రి ఎక్కడ పండుకున్నదో కూడా చెప్పాలి. చిక్కడపల్లి, అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల కిరాయి గదుల్లో పండుకున్నది. లైబ్రరీలో చదువు, గదిలో నలుగురికి ఒక్క కుక్కర్, పొద్దున ధర్నా. కరపత్రాలు రాసింది ఆ గదుల్లోనే, లాఠీ దెబ్బలకు కాపడం పెట్టుకున్నది ఆ గదుల్లోనే.

2011లో మేం చిక్కడపల్లిలో ఒక మేడ మీది గదిలో నలుగురం ఉండేవాళ్లం. ట్యూషన్లు చెప్పి కిరాయి కట్టేవాళ్లం. ఆ ఏడాది సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచింది. బడులు బందు, ట్యూషన్లు బందు, మా జేబులు ఖాళీ. కింద ఉండే ఓనరమ్మ దగ్గరికి తల వంచుకుని పోయినం. "సమ్మె అయ్యాక ఇద్దురుగాని లేండి బాబూ, ముందు అన్నం సరిగ్గా తినండి" అన్నది. ఆమెది గుంటూరు జిల్లా. మేం ఎవరి పాలన పోవాలని కొట్లాడుతున్నామో ఆమెకు తెలుసు. అయినా ఆ మాట అన్నది.

ఇప్పుడు ఇంకో ఓనరు సంగతి చెప్తాం. ఈయన మనోడే. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ మీద ఉన్నోడే. అంబర్‌పేట దిక్కు ఆయన ఇంట్లో రెండు గదుల పోర్షన్‌లో మేం ఉన్నాం. నెలకు 12,000 కిరాయి, రెండు నెలల అడ్వాన్సు. ఒకనాడు తలుపు కొట్టి, "తమ్మీ, మా బామ్మర్ది వస్తున్నడు, వారంల ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు. నెల రోజులన్నా టైం ఇయ్యమని అడిగినం. మూడో నాటికి మోటార్ బందు. ఐదో నాటికి ఫ్యూజ్ మాయం. ఇంట్లో ఏడాది నిండని పసిపిల్ల ఉన్నది. సామాను ఆటో ట్రాలీలో వేసుకుని బయటపడ్డాం. 24,000 అడ్వాన్సులో రంగులకని, నల్లా రిపేరుకని పట్టుకుని చేతిలో 9,000 పెట్టాడు. బామ్మర్ది రాలేదు. వారానికే ఆ గేటుకు టులెట్ బోర్డు వేలాడింది, 15,000 కిరాయికి.

కాబట్టి ఓనరుది ఏ ప్రాంతం అన్నది ఇక్కడ లెక్క కాదు. ఒక మనిషి మంచితనం మీద ఇంకో మనిషి గూడు ఆధారపడి ఉండడమే అసలు రోగం. మంచి ఓనరు దొరికితే అదృష్టం, చెడ్డ ఓనరు దొరికితే కర్మ. హక్కు అనేది ఈ రెంటి మధ్యలో ఎక్కడా లేదు. దయ మీద బతకొద్దనే కదా మనం రాష్ట్రం అడిగింది?

ఉద్యమంలో మాతో జైలుకు వచ్చిన వకీలు దోస్తు ఒకరున్నారు. ఆయన దగ్గరికి పోయినం. మా కథంతా ఇని రెండే ప్రశ్నలు అడిగాడు. "కిరాయి ఎంత? బిల్డింగ్ కట్టి ఎన్నేండ్లయింది?" పన్నెండు వేలు, ఎనిమిదేండ్లు అన్నాం. తెరిచిన పుస్తకం మూసేశాడు. "రెండు దిక్కులా నువ్వు చట్టం బయటనే ఉన్నవ్ అన్నా" అన్నాడు.

ఆ పుస్తకంలో ఏమున్నదో మేం ఆనాడే కూసోని చదివినం. చదివినకొద్దీ కడుపు మండింది. ఎందుకంటే ఆ చట్టం చెడ్డది కాదు.

1956కు ముందు తెలంగాణకు సొంత కిరాయి చట్టం ఉండేది, 1954లో హైదరాబాద్ రాష్ట్రం చేసుకున్నది. ఆంధ్రలో మద్రాసు చట్టం నడిచేది. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, కిరాయి, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం తెచ్చారు. అందులో ఏమున్నది? కిరాయి న్యాయంగా లేదనుకుంటే రెంట్ కంట్రోలర్ దగ్గర న్యాయమైన కిరాయి తేల్చుకోవచ్చు. కట్టిన కిరాయికి రసీదు అడిగే హక్కు ఉన్నది. కావాలని కిరాయి తీసుకోకుండా, తర్వాత "కట్టలేదు" అని వెళ్లగొట్టాలని చూసే ఓనరుకు మనియార్డర్ చేయవచ్చు, అదీ వద్దంటే కంట్రోలర్ దగ్గర జమ కట్టవచ్చు. ఖాళీ చేయించాలంటే ఓనరు కంట్రోలర్ ముందు దరఖాస్తు పెట్టి, చట్టంలో రాసిన కారణం రుజువు చేయాలి. కావాలని కిరాయి ఎగ్గొట్టాడనో, ఇంకొకరికి కిరాయికిచ్చాడనో, ఇల్లు పాడుచేశాడనో, తనకే నిజంగా ఆ ఇల్లు అవసరమనో చూపాలి. నీళ్లు, కరెంటు కోసి వెళ్లగొట్టడానికి వీల్లేదు.

అడ్వాన్సు సంగతి ఇంకా చిత్రం. ఈ చట్టం ప్రకారం ఓనరు ఒక్క నెల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. ఇది కాగితం మీది మాట అనుకోకండి. గూడూరులో ఒక హోటల్ కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. కిరాయిదారు ఇచ్చిన ఎక్కువ అడ్వాన్సును దగ్గర పెట్టుకున్న ఓనరు, కిరాయి బాకీ పడ్డాడని వెళ్లగొట్టజూశాడు. నీ దగ్గర వాళ్ల పైసలే ఉన్నప్పుడు బాకీ ఎక్కడిదని 1989లో కోర్టు ఆ ఓనరును తప్పుబట్టింది.

ఇంత మంచి చట్టం మనకు ఎందుకు అక్కరకు రాదు? ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకోవడం మన పాలకులకు కొత్త కాదు కాబట్టి. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇండ్లకు ఇది వర్తించదని చట్టంలోనే మెలిక పెట్టారు. పాతికేండ్లు అట్లనే నడిచింది. 1983లో సుప్రీం కోర్టు ఆ మెలిక చెల్లదని కొట్టేసింది. కిరాయిదారులు సంబురపడేలోపే, అదే ఏడాది డిసెంబర్‌లో సర్కారు జీవో తీసింది. కట్టి పదేండ్లు కాని ఇండ్లు, నెల కిరాయి వెయ్యి దాటిన ఇండ్లు చట్టం బయట అన్నది. 2005లో మళ్లీ సవరణ. పదేండ్లు పదిహేనేండ్లయింది. వెయ్యి రూపాయల హద్దు కార్పొరేషన్లలో 3,500 అయింది, మిగతా ఊర్లలో 2,000 అయింది. ఆ అంకె అక్కడ ఆగిపోయింది. బియ్యం ధర ఆగలేదు, గ్యాస్ ధర ఆగలేదు, కిరాయి ఆగలేదు. పేదోని హక్కు ఒక్కటే ఆగింది.

సరే, అది ఉమ్మడి రాష్ట్రం, వలస పాలన. రియల్ ఎస్టేట్ పెద్దల కోసం చేసిన సవరణ అనుకుందాం. మరి 2014 జూన్ 2 తర్వాత ఏమైంది? 2016లో మన సర్కారు పాత చట్టాలను తెలంగాణకు అన్వయించుకుంటూ ఉత్తర్వు ఇచ్చింది. చట్టం పేరులో 'ఆంధ్రప్రదేశ్' పోయి 'తెలంగాణ' వచ్చింది. 3,500 మాత్రం 3,500గానే ఉన్నది! బోర్డు మార్చిండ్రు, బువ్వ మార్చలేదు. పదేండ్లు ఏలిన పార్టీకి ఈ అంకె కండ్లకు కనబడలేదు. 2023 డిసెంబర్‌లో గద్దెనెక్కిన పార్టీ కూడా ముందుగాల దీన్ని ముట్టుకోలేదు. డబుల్ బెడ్రూం ఇండ్లన్నారు, ఇందిరమ్మ ఇండ్లన్నారు. ఇండ్లు కట్టించి ఇయ్యడం మంచిదే, వద్దని ఎవరంటారు? కానీ ఆ ఇల్లు చేతికొచ్చేదాకా మనిషి ఎక్కడ ఉండాలి? కిరాయి ఇంట్లోనే కదా. చట్టంలో ఒక్క అంకె మార్చడానికి సిమెంటు అక్కర్లేదు, ఇసుక అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు. బహుశా అందుకే ఎవ్వరికీ పట్టింపు లేదు.

సర్కారు ఇచ్చే సాయం కూడా ఓనరు గడప కాడ ఆగుతున్నది. 2020 డిసెంబర్‌లో జీహెచ్ఎంసీ ఎన్నికలప్పుడు నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితమన్నారు, 2021 జనవరిలో మొదలుపెట్టారు. మా ఓనరు మాత్రం మేం ఖాళీ చేసిన నెల దాకా నీళ్ల పైసలు 300 వసూలు చేస్తూనే ఉన్నాడు. బిల్లు చూపమంటే, "నచ్చకపోతే వేరే ఇల్లు చూసుకో తమ్మీ" అన్నాడు. చట్టం లేని చోట ఈ ఒక్క మాటే చట్టం.

ఇక ఇల్లు దొరకబట్టడమే ఒక యుద్ధం. టులెట్ బోర్డు చూసి లోపలికి పోతే మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" మాదిగ బిడ్డ అయితే, ముస్లిం అయితే, "నిన్ననే మాట్లాడుకున్నరు" అనే జవాబు తయారుగా ఉంటుంది. బోర్డు మాత్రం తెల్లారి కూడా అక్కడే ఉంటుంది. ఇంట్లో చావు జరిగితే శవాన్ని లోపలికి రానియ్యని ఓనర్ల సంగతి పేపర్లలో చదివి కండ్లు తుడుచుకున్నాం. కన్నతల్లి శవాన్ని రోడ్డు మీద పెట్టుకుని ఏడవాల్సి వస్తే, అది రాష్ట్రం వచ్చిన గడ్డ అని ఎట్ల చెప్పుకుంటాం? కిరాయి చట్టంలో వీటి గురించి ఒక్క మాట లేదు.

ఓనర్ల బాధ మాకు తెలువదని కాదు. రిటైరైన సారు ఒక్క పోర్షన్ కిరాయి మీదనే మందులు కొనుక్కుంటున్నాడు. కిరాయి ఎగ్గొట్టి ఏండ్లకేండ్లు కోర్టుల చుట్టూ తిప్పే కిరాయిదారులూ ఉన్నారు. పాత చట్టాల కింద ఏనాటిదో కిరాయి కట్టుకుంటూ బజారులో మడిగెలు పట్టుకుని కూసున్నోళ్లూ ఉన్నారు. కిరాయిలను గడ్డకట్టించమని మేం అడుగుతలేం. నీళ్లు కొయ్యొద్దు, అడ్వాన్సు మింగొద్దు, రాత పూర్వకంగా టైం ఇయ్యాలె, తగువు వస్తే నెలల్లో తేల్చాలె అంటున్నాం. ఇందులో నిజాయితీ ఉన్న ఓనరుకు నష్టమేమున్నది?

2021లో కేంద్రం నమూనా కిరాయి చట్టం రాష్ట్రాలకు పంపింది. నివాస ఇండ్లకు అడ్వాన్సు రెండు నెలలు మించొద్దు, ఒప్పందం రాత పూర్వకంగా ఉండాలె అన్నది. అవి మంచివే. కానీ గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు కిరాయి, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలని కూడా అందులో ఉన్నది. దాన్ని ఢిల్లీ నుంచి వచ్చింది వచ్చినట్టు నెత్తినెత్తుకోవద్దు. మన పట్నానికి మన చట్టం కావాలె.

అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూసోవద్దు. కిరాయి చట్టం బయట ఉన్నా మీరు అనాథలు కారు. ఈ మాటలు కత్తిరించి గోడకు అతికించుకోండి.

ఒకటి, వేరే ఒప్పందం లేకపోతే నెల నెల కిరాయికి ఉండేవారికి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల రాత నోటీసు ఇయ్యాలె. నోటి మాట నోటీసు కాదు. రెండు, ఏ ఓనరూ కోర్టుకు పోకుండా బలవంతంగా సామాను బయట పారెయ్యలేడు. పారేస్తే ఆరు నెలల లోపల స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద దావా వేసి మళ్లీ ఇల్లు ఎక్కవచ్చు. మూడు, అడ్వాన్సు ఎంతిచ్చారో, రంగులు ఎవరు వేయించాలో కాగితం మీద రాయించండి. పదకొండు నెలల ఒప్పందమని చిన్నచూపు చూడకండి. రిజిస్ట్రేషన్ తప్పించుకోవాలని అందరూ పదకొండు అని రాస్తారు. అదీ పనికొచ్చే సాక్ష్యమే. నాలుగు, కిరాయి చేతికియ్యకండి, బ్యాంకు ద్వారా కట్టండి. దిగిన రోజు మీటరు రీడింగు, గోడల ఫోటోలు తీసి పెట్టుకోండి. ఐదు, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. 15100కు ఫోన్ చేయండి. మాకు ఈ సంగతులు ఆనాడు తెలిసి ఉంటే ఆ ఆటో ట్రాలీ ఎక్కేవాళ్లం కాదు.

ఇక పాలకులకు మా మాట. 3,500 హద్దు ఎత్తెయ్యండి, 15 ఏండ్ల మినహాయింపు ఎత్తెయ్యండి. అడ్వాన్సుకు హద్దు అందరికీ పెట్టండి. కులం, మతం అడిగి ఇల్లు లేదన్నోని మీద చర్య రాయండి. కిరాయి తగాదా తేల్చడానికి గడువు పెట్టండి.

ఓట్లప్పుడు ప్రతి పార్టీ కిరాయి ఇండ్ల తలుపులు కూడా కొడుతుంది. ఈసారి తలుపు కొట్టినప్పుడు ఒక్కటే అడగండి: "అన్నా, 3,500 సంగతి ఏమైంది?" జవాబు చెప్పకపోతే, ఓనరు మాకు చెప్పిన మాటే మీరు వాళ్లకు చెప్పండి: "వారంల ఖాళీ చెయ్యుండ్రి."

జై తెలంగాణ!