ఇంటి బండి: గ్యాసు కారు తెల్లవారుజామున మొరాయిస్తే

గ్యాసుకు మార్పించిన కారు పొద్దున్నే స్టార్టు కావడం లేదని మన సభ్యులు కలిసినప్పుడల్లా అంటూనే ఉన్నారు. దీని జవాబు నేను కాస్త ఖరీదు పెట్టి నేర్చుకున్నాను.

డిసెంబరు నెల, బెంగుళూరు చలి, తెల్లవారుజాము నాలుగున్నర. మా మనవడికి ఆయాసం పట్టుకుంది. వాడికి శాలువా చుట్టి కార్లో కూర్చోబెట్టాం. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోందే గాని అందుకోవడం లేదు. కంగారులో తిప్పుతూనే ఉన్నాను. అయిదోసారి 'ఢాం' అని బానెట్ కింద పేలుడు! ఎయిర్ ఫిల్టరు డబ్బా చీలిపోయింది. "ఇక చాలు, ఆటో పిలవండి" అంది మా ఆవిడ. ఎదురింటి ఆటో అబ్బాయి లేచి వచ్చాడు. అతనిదీ గ్యాసు బండే, ఒక్క తిప్పుకే కదిలింది. ఆరు గంటలకల్లా మనవడు తేరుకున్నాడు గాని, నాకు మాత్రం సిగ్గు తీరలేదు.

మా మెకానిక్ కోలారు వాడు, కన్నడం కలిపిన తెలుగు. వచ్చీ రాగానే "పెట్రోలు పోసి ఎన్నాళ్ళాయె సార్?" అన్నాడు. ఏడాది దాటింది! గ్యాసు చవక కదా అని స్విచ్ ఎప్పుడూ గ్యాసు వైపే ఉంచాను. ట్యాంకు అడుగున ఉన్న పెట్రోలు జిగురుగా మారింది. పంపును చల్లగా ఉంచేది కూడా ఆ పెట్రోలేనట. అది లేక పంపు కాలిపోయింది.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. ఎల్.పి.జి. ట్యాంకులో ద్రవంగా ఉంటుంది. అది ఆవిరి కావాలంటే వేడి కావాలి. పెళ్ళిళ్ళలో పెద్ద పొయ్యి మీద వండేటప్పుడు సిలిండరుకు చెమట పట్టి మంట తగ్గితే, వంటవాళ్ళు దాన్ని నీళ్ళ తొట్టిలో నిలబెడతారు చూడండి, అదే సూత్రం. కార్లో ఈ పని వేపరైజరుది. ఇంజను వేడినీళ్ళు దాని చుట్టూ తిరుగుతాయి. చల్లటి ఇంజనులో వేడినీళ్ళెక్కడివి? అందుకే ముందు పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక గ్యాసుకు మార్చాలి. మా కార్లో రేడియేటరు నీళ్ళూ తక్కువే. వేపరైజరు అడుగున నల్లటి జిడ్డు చేరి, లోపలి డయాఫ్రమ్ బిగుసుకుపోయింది.

ఇక ప్లగ్గులు. గ్యాసును అంటించడానికి పెట్రోలు కంటే బలమైన నిప్పురవ్వ కావాలి. నా ప్లగ్గుల సందు అరిగి 1 మిల్లీమీటరు దాటింది. 0.7కు సరిచేశాడు. పగిలిన ప్లగ్గు వైరు ఒకటి మార్చాడు. కాలని గ్యాసు ఇన్‌లెట్ పైపులో పోగై అంటుకోవడమే ఆ 'ఢాం'. కాబట్టి రెండు మూడుసార్లకు కాకపోతే ఆగిపోండి. గ్యాసు వాసన వస్తే తాళం ముట్టుకోకండి, తలుపులు తీసి ట్యాంకు వాల్వు కట్టెయ్యండి.

ఇప్పుడు ట్యాంకులో పావువంతు పెట్రోలు తప్పక ఉంచుతున్నాను. రాత్రి ఇంటికి చేరే ముందు చివరి కిలోమీటరు పెట్రోలు మీదే.

సి.ఎన్.జి. వాడే బొంబాయి, పూనా మిత్రులకు ప్లగ్గుల మాట వర్తిస్తుంది. సిలిండరు పరీక్ష మూడేళ్ళకోసారి మరచిపోకండి. వచ్చే సంచికలో బ్యాటరీ సంగతి.