సంపాదకుని మాట: వంగమంటే ఎక్కడ వంగాలి?



2015లో మొదటి అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, పార్కులో, ఫోన్ తెర మీద ఎక్కడ చూసినా యోగా క్లాసులే. 2025 జూన్ 21న విశాఖ తీరం జనంతో నిండిపోవడమూ చూశాం. నేర్చుకునేవాళ్లకు కొదవ లేదు. అందుకే ఈసారి నేర్పేవాళ్ల వైపు తిరిగాం.

కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనమే తీసుకోండి. "తల మోకాళ్లకు ఆనించండి" అనగానే క్లాసులో సగంమంది వీపు గూని చేసి, మెడ సాగదీస్తారు. తొడ వెనక కండరాలు కటి ఎముక అడుగున అతుక్కుని ఉంటాయి. అవి బిగుసుకుంటే కటి ముందుకు కదలదు, వంపంతా నడుం మీద పడుతుంది. "మోకాళ్లు కాస్త మడవండి, తుంటి దగ్గర వంగండి, పొట్టను తొడల వైపు తీసుకురండి" అని చూడండి. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకూ తేలికవుతుంది.

ఏ కీలు కదలాలో, ఏది నిలకడగా ఉండాలో తెలిసిన గురువు గొంతులో తడబాటు ఉండదన్నదే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం. కండరాల లాటిన్ పేర్లు వల్లించమని కాదు సుమా, క్లాసు పారిపోతుంది!

విద్యార్థిని చేత్తో పట్టి సరిదిద్దాలా, మాటతోనే చెప్పాలా అన్నచోట మాత్రం మా రచయితలకు ఏకాభిప్రాయం కుదరలేదు. మేమూ రాజీ చేయలేదు. మీరేమంటారో రాయండి.