వినపడిందా? విన్నావా?

హిందూపురంలో ఫస్ట్ షో. హీరోగారు తెరమీద అడుగుపెట్టారో లేదో, యీలలు, చప్పట్లు, కాగితపు ముక్కల వాన! ఆ గోలలో పరిగి కుర్రాడు పక్కనున్న మిత్రుణ్ణి గోకి "డైలాగు ఇన్నావేమప్పా?" అన్నాడు. (వికారాబాద్ దగ్గరి పరిగి కాదు సుమండీ, హిందూపురం పక్కది.)

"యాడ ఇనేది? ఇనపడితే కదా!" అన్నాడు మిత్రుడు.

నవ్వకండి. స్పానిష్ నేర్చుకునేవాళ్లు తలపట్టుకునే పాఠమంతా ఆ ఒక్క ముక్కలో వుంది. ఆ భాషలో "ఓయీర్" అంటే చెవిన పడటం. "ఎస్కుచార్" అంటే చెవి ఒగ్గి వినటం. ఇదేం శిలాశాసనం కాదు లెండి. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఫోన్‌లో "నీ మాట వినపడటం లేదు" అనాలన్నా ఎస్కుచారే వాడేస్తారు.

పరిగి దాటి కర్ణాటకలో కాలుపెడితే మరో తమాషా. కన్నడంలో "కేళు" అంటే వినటమూ, అడగటమూ కూడా! "హాడు కేళు" అంటే పాట విను. "అవనన్ను కేళు" అంటే వాణ్ణి అడుగు. మనమేం తక్కువా? "అమ్మాయి పాట వినిపించింది" అంటారు. అమ్మాయి పాడి వినిపించిందా, ఆమె పాట దానంతటదే చెవిన పడిందా? ప్రేమలో వున్న కుర్రాళ్లు మొదటిదే అనుకుంటారు. పాపం, ఆ అమ్మాయి బట్టలారేస్తూ కూనిరాగం తీసి వుంటుంది!

పైగా మనకు "వినటం" అంటే మన్నించటం కూడా. "చెప్పిన మాట వినడు" అంటే వాడికి చెవుడని కాదు గదా.

స్పెయిన్ దర్శకుడు పెద్రో అల్మొదోవర్ 2002లో ఒక చిత్రం తీశాడు. పేరుకు అర్థం "ఆమెతో మాట్లాడు". కోమాలో వున్న అమ్మాయితో మగనర్సు ఒకడు రోజూ కబుర్లు చెబుతుంటాడు. ఆమెకు వినపడుతుందో లేదో తెలియదు. అతడు మాత్రం ఆమె తనదే అనుకుంటాడు. ఎంతో ముద్దుగా మొదలైన ఆ కబుర్లు యెక్కడికి దారితీస్తాయో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఉత్తమ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చిందంటే రాదూ మరి! మన తెరమీద కోమా అక్కర్లేదు, హీరోయిన్ నిక్షేపంగా నోరు తెరిచే చెబుతుంది.

ఇంతకీ హిందూపురంలో ఇంటర్వెల్ అయింది. సోడా తాగుతూ పరిగి కుర్రాడు మళ్లీ అడిగాడు.

"హీరోయిన్ ఆయప్పతో ఏమనిందిరా?"

"నా వెంట పడొద్దు అనింది. మూడుసార్లు అనింది."

"ఆయప్పకు ఇనపడలేదా?"

"ఇనపడింది. ఇనలేదు, అంతే."