ఏడాదికి ఒక నవల

మన తెలుగు తరగతిలో అయిదేళ్ళు చదివిన పిల్లలు అక్షరమాలను తప్పు లేకుండా అప్పజెప్పగలరు. పదో పన్నెండో శతక పద్యాలు వారికి కంఠస్థమై ఉంటాయి. వాచకంలోని ప్రశ్నలకు జవాబులు చక్కగా వ్రాయగలరు. అయితే, ఒక తెలుగు పుస్తకాన్ని మొదటి పుట నుండి చివరి పుట దాకా చదివానని చెప్పగల విద్యార్థులు మనలో ఎందరున్నారు? ఈ ప్రశ్న వినగానే ముందుగా తల వంచుకోవలసినది ఉపాధ్యాయులమైన మేమే.

నాలుగు, అయిదు, ఆరు తరగతుల పిల్లలచేత ఏడాదికి ఒక తెలుగు నవలను తరగతిలో కలిసి చదివించాలని నా అభిప్రాయం. వాచకంలోని పాఠం రెండు మూడు పుటలలో ముగుస్తుంది. అందులోని మనుషులతో పరిచయం కుదిరేలోగానే అభ్యాసాలు వచ్చిపడతాయి. నవలలోని మనిషి నెలల తరబడి మనతో ఉంటాడు. వచ్చే వారం అతనికేమవుతుందోనన్న ఆత్రుత పిల్లలను బడికి రప్పిస్తుంది. భాష మీద ప్రేమ ఉపన్యాసాల వలన పుట్టదు, ఇట్టి ఆత్రుత వలన పుడుతుంది.

ఉదాహరణకు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగాన్ని తీసుకొందాము. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువు కోసం సీమకు బయలుదేరుతాడు. లోకజ్ఞానం లేక అడుగడుగునా అభాసుపాలవుతాడు. మద్రాసులో ఒక టోపీ కొని, అది ఆడవారు ధరించేదని తెలియక నెత్తిన పెట్టుకొంటాడు. ఇదంతా మనకు చెప్పేది పార్వతీశమే. మన మలేషియా పిల్లలకు ఈ కథ పరాయిది కాదు. ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఓడలెక్కి వచ్చి రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను చెమటోడ్చిన పెద్దల మునిమనుమలు వీరు. పార్వతీశం వెళ్ళినది చదువు కోసం, మనవారు వచ్చినది కూలి కోసం. ఆ భేదాన్ని కూడ పిల్లలు గుర్తించి మాట్లాడగలరు.

నవల అనగానే ఈనాడు ‘కృత్యాలు’ అనే మాట వెంటనే వస్తుంది. బొమ్మలకు రంగులు వేయించుట, అట్టతో కిరీటాలు కత్తిరింపించుట వంటివి చేయించి, పిల్లలు ఉత్సాహంగా ఉన్నారని మనము సంతోషిస్తాము. కాని రంగులు వేయుటకు పుస్తకం తెరవనక్కరలేదు. కృత్యం మంచిదో కాదో తెలుసుకొనుటకు నాకు తోచిన గీటురాయి ఒకటే: అది పిల్లవానిచేత మళ్ళీ పుస్తకం తెరిపించాలి.

గోడకు ఒక పటం తగిలించి, మొగల్తూరు నుండి నిడదవోలు, మద్రాసు, కొలంబో, మార్సెయిల్స్, లండన్ మీదుగా ఎడింబరో వరకు దారాన్ని వారం వారం సాగదీయవచ్చును. దారం కదలాలంటే ఆ ఊరు వచ్చిన వాక్యాన్ని చదివి వినిపించాలన్నది నియమం. టోపీ ఘట్టాన్ని పాత్రలు పంచుకొని, పుస్తకం చేతబట్టి చదివితే చాలును, వేషాలు అక్కరలేదు. పార్వతీశం ఆ రోజే ఇంటికి ఉత్తరం వ్రాసి ఉంటే ఏమి చెప్పేవాడు, ఏమి దాచేవాడు అని అడిగితే, అయిదు వాక్యాల జవాబు కోసమైనా పిల్లలు ఆ అధ్యాయాన్ని రెండు మార్లు చదువుతారు. ప్రయాణానికి అతడు సర్దుకొన్న సామాను జాబితా వ్రాయించి, ‘మన ముత్తాత ఇక్కడికి వచ్చినప్పుడు వెంట ఏమి తెచ్చుకొన్నాడు?’ అని ఇంట్లో నానమ్మను, తాతయ్యను అడిగి రమ్మంటే, ఇంతవరకు ఎవరూ వ్రాసి ఉంచని కుటుంబ కథలు తరగతిలోకి వస్తాయి. అట్టి కథలు చెప్పగల పెద్దలు ఏటేట తగ్గిపోతున్నారు. ఈ పనిని వాయిదా వేయుటకు వీలు లేదు.

వారానికి రెండు గంటల తెలుగులో నవల సాధ్యమా అని కొందరు సందేహిస్తారు. వారానికి నాలుగు పుటల చొప్పున ముప్పది వారాలలో 120 పుటలు పూర్తవుతాయి. రెండు పుటలు ఉపాధ్యాయుడు చదివి వినిపిస్తే, రెండు పుటలు పిల్లలు చదువుతారు. భాష కఠినమన్న మాట నిజమే. 1920ల నాటి గోదావరి తీరపు నుడికారం మన పిల్లలకు కొత్త. అందుచేత ప్రతి మాటకు అర్థం వ్రాయించక, కథ నడుచుటకు అవసరమైన అయిదారు మాటలు ముందుగా చెప్పి, తక్కినవి సందర్భాన్ని బట్టి ఊహింపనివ్వాలి. వయసుకు తగని చోట్లను దాటవేయుటకు ఉపాధ్యాయునికి స్వేచ్ఛ ఉండనే ఉన్నది.

ఈ నవలనే ఎన్నుకొనుటకు మరొక కారణమున్నది. పండుగనాడు బంధువుల నడుమ ఒక పిల్ల తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుతుంది. ‘ళ’ పలుకవలసిన చోట ‘ల’ పలుకుతుంది. పెద్దలు నవ్వుతారు. ఆ నవ్వులో ద్వేషమేమీ లేదు. కాని ఆ పిల్ల మరునాటి నుండి ఇంగ్లీషులోనే జవాబు చెబుతుంది. పలుకు తప్పినందుకు ఒక్కసారి నవ్వులపాలైన పిల్లలు నోరు విప్పుటకు ఎన్ని నెలలు పడుతుందో తరగతిలో మేము చూస్తున్నాము. పార్వతీశాన్ని చూసి లోకమంతా నవ్వినది. అతడు ప్రయాణం మానలేదు. పైగా ఆ నవ్వులాటనంతా తానే మనకు చెప్పి నవ్వించాడు. తప్పులు చేస్తూనే ముందుకు పోవచ్చునన్న ధైర్యాన్ని పిల్లలకు ఇంతకంటె హాయిగా చెప్పగల పాఠం నాకు వాచకంలో కనబడలేదు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఈ ఏడాది మీ పిల్లలు నవల ఇంటికి తెచ్చినప్పుడు, రాత్రి భోజనాలైన తరువాత పది నిమిషాలు పక్కన కూర్చొని వినండి. తడబడితే వెంటనే దిద్దకండి. పార్వతీశం టోపీ చూసి నవ్వండి గాని, పిల్లవాని పలుకు విని నవ్వకండి.